తెరమీది బొమ్మకు మన కంట నీరెందుకు?

1984 జూలై 7న దూరదర్శన్ ‘హమ్ లోగ్’ అనే హిందీ ధారావాహికను మొదలుపెట్టింది. ఢిల్లీని ఆనుకుని ఉన్న గుర్గావ్‌లో (2016 నుంచి దీని పేరు గురుగ్రామ్) ఒక స్టూడియోలో దాన్ని చిత్రీకరించేవారు. కథలో రాజులు లేరు, యుద్ధాలు లేవు. తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, అన్నీ ఓర్చుకునే తల్లి భగవంతి, తాత, నాయనమ్మ, ఐదుగురు పిల్లలు ఉన్న ఒక దిగువ మధ్యతరగతి కుటుంబం, దాని ఇక్కట్లు, అంతే. 1985 డిసెంబరు 17 వరకు 156 భాగాలు ప్రసారమయ్యాయి.

ఆ పదిహేడు నెలల్లో జరిగిన సంగతులు చిత్రంగా ఉంటాయి. ప్రతి భాగం చివర తెరమీదికి వచ్చి కథ గురించి నాలుగు మాటలు చెప్పే నటుడు అశోక్ కుమార్‌కు దాదాపు 4 లక్షల ఉత్తరాలు వచ్చాయి. పెద్దకూతురు బడ్కీ పెళ్ళి చేసుకోవాలా వద్దా అని తటపటాయిస్తుంటే, చేసుకోమని సలహాలిస్తూ ప్రేక్షకులు జాబులు రాశారు. తెరమీద ఆమె పెళ్ళి జరిగిన రోజున ఉత్తరాదిన చాలాచోట్ల దుకాణాలు వేళకు ముందే మూశారనీ, శుభాకాంక్షల తంతులు వచ్చాయనీ ఆ ధారావాహికను అధ్యయనం చేసిన అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు రాశారు.

ఆ ఉత్తరాలు రాసినవాళ్ళు అమాయకులు కారు. బడ్కీ అనే మనిషి లేదనీ, ఆ వేషం వేసింది ఒక నటి అనీ వాళ్ళకు తెలుసు. తెలిసీ రాశారు. మీరూ నేనూ సినిమా హాల్లో కళ్ళు తుడుచుకునేటప్పుడు కూడా అది సినిమా అని మనకు తెలుసు. తెలిసిన బుద్ధి ఒకవైపు, కదిలే మనసు మరొకవైపు. ఈ రెండింటి మధ్య ఎడం ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు కోసం కొందరు జీవపరిణామ సిద్ధాంతాన్ని ఆశ్రయించారు. వాళ్ళలో కొందరు సరైన దారిన వెళ్ళారు, కొందరు తప్పటడుగులు వేశారు. విశేషమేమిటంటే ‘హమ్ లోగ్’ పుట్టుక వెనుక కూడా అలాంటి ఒక పరిణామ సిద్ధాంతం ఉంది. అందులో పస ఎంతో తరువాత చూద్దాం. ముందు లండన్ జంతుప్రదర్శనశాలకు వెళ్ళివద్దాం.

చార్లెస్ డార్విన్ 1872లో మనుషులలోనూ జంతువులలోనూ ఉద్వేగాల వ్యక్తీకరణ గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో తన మీద తాను చేసుకున్న ఒక చిన్న ప్రయోగం చెబుతాడు. జంతుప్రదర్శనశాలలో మందపాటి గాజుపలక వెనుక ఒక విషసర్పం ఉంది. డార్విన్ ఆ గాజుకు ముఖం దగ్గరగా పెట్టి, పాము కాటు వేయబోయినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము కాటు విసిరింది. మరుక్షణం ఆయన గజందూరం వెనక్కి గెంతాడు. గాజు పగలదని తెలుసు. జీవితంలో ఎన్నడూ పాముకాటు అనుభవం లేదు. అయినా సంకల్పం ఎందుకూ కొరగాలేదు.

సినిమా పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. కానీ ఆ గాజుపలకను ఒక తెర అనుకోండి, డార్విన్‌ను ప్రేక్షకుడు అనుకోండి. భయపెట్టే సినిమాలో జరిగేది సరిగ్గా ఇదే.

మన వేదాంతులు తాడును చూసి పామనుకోవడం గురించి ఎంతో చర్చించారు. వాళ్ళకు అది భ్రాంతికి ఉదాహరణ. జీవశాస్త్రవేత్త అదే ఉదాహరణను తీసుకుని వేరే ప్రశ్న వేస్తాడు: ఈ పొరపాటు ఖరీదెంత? తాడును చూసి పామనుకుని ఎగిరి గెంతినవాడికి పోయేది కాస్త ఊపిరి, నలుగురిలో నవ్వులపాటు. పామును చూసి తాడనుకున్నవాడికి పోయేది ప్రాణం. లక్షల సంవత్సరాలపాటు ఈ రెండు రకాల పొరపాట్లకూ చెల్లించిన మూల్యంలో తేడా ఉన్నప్పుడు, ముందు గెంతి తరువాత ఆలోచించే వాళ్ళే ఎక్కువమంది పిల్లల్ని కని పెంచగలిగారు. ఇదే ప్రకృతి వరణం. మన నాడీవ్యవస్థ నిజానిజాలు తేల్చడానికి మాత్రమే తయారైనది కాదు, బతికి బట్టకట్టడానికి తయారైనది. అది నకిలీ హెచ్చరికలను ఓర్చుకుంటుంది. సినిమా ఆ ఓర్పు మీద బతుకుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి వివరణ ఏ లక్షణానికైనా తోచినట్టు అల్లవచ్చు. అల్లిన కథ వినసొంపుగా ఉన్నంత మాత్రాన శాస్త్రం కాదు. పరీక్షించి చూడాలి. అదృష్టవశాత్తూ భయం విషయంలో చక్కని పరీక్ష ఒకటి జరిగింది. అందులో ప్రేక్షకులు కోతులు.

ఢిల్లీలో ప్రభుత్వ భవనాల చుట్టూ, రిడ్జ్ అడవిలో తిరిగే ఎర్రముఖం కోతులను రీసస్ జాతి అంటారు. ఒకప్పుడు ఈ జాతి కోతులను పరిశోధనల కోసం మనదేశం నుంచి పెద్ద ఎత్తున విదేశాలకు ఎగుమతి చేసేవారు. 1978లో భారత ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అమెరికాలో సూసన్ మినేకా, మైకేల్ కుక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలో ఈ జాతి మీదే ప్రయోగాలు చేశారు. అడవిలో పెరిగిన కోతులు పామును చూస్తే బెదిరిపోతాయి. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులు బెదరవు. అంటే పాము భయం పుట్టుకతో పూర్తిగా సిద్ధంగా రాదన్నమాట. అయితే అడవి కోతి బెదిరిపోవడాన్ని ఒకటి రెండుసార్లు చూస్తే చాలు, ప్రయోగశాల కోతులు ఆ భయాన్ని నేర్చేసుకున్నాయి. నెలల తరువాత కూడా మరచిపోలేదు.

తరువాత వాళ్ళు చేసిన పని ఏ సినిమా ఎడిటర్‌నైనా మెప్పిస్తుంది. బెదిరిపోతున్న కోతిని వీడియో తీసి, టేపును కూర్చి, ఒక దానిలో అది బొమ్మ పామును చూసి బెదిరినట్టు, మరొక దానిలో అవే హావభావాలతో పువ్వులను చూసి బెదిరినట్టు కనిపించేలా చేశారు. ప్రయోగశాల కోతులకు ఈ ‘సినిమాలు’ చూపించారు. పాము సినిమా చూసినవి పాముకు భయపడడం నేర్చుకున్నాయి. పువ్వుల సినిమా చూసినవి పువ్వుకు భయపడలేదు. బొమ్మ మొసలి, బొమ్మ కుందేలుతో చేసినప్పుడు కూడా ఇలాగే జరిగింది. మొసలి భయం అంటింది, కుందేలు భయం అంటలేదు.

ఈ ప్రయోగం నుంచి తెలిసేదేమిటి? పుట్టుకతో వచ్చింది భయం కాదు, కొన్నింటికి భయపడడం సులువుగా నేర్చుకునే గుణం. మిగిలింది చూసి నేర్చుకున్నది. మనిషి ఉద్వేగాల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఈ విభజనను గుర్తుంచుకుంటే చాలా తగాదాలు తప్పుతాయి.

భయం ఒక్కటే కాదు. దాదాపు రెండువేల ఏళ్ళ నాటిదని పండితులు చెప్పే నాట్యశాస్త్రంలో భరతుడు ఎనిమిది సాత్త్విక భావాలను లెక్కపెట్టాడు. కొయ్యబారడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు పూడుకుపోవడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, సొమ్మసిల్లడం. నేటి వైద్యవిద్యార్థికి ఈ పట్టిక చూపిస్తే స్వయంచోదిత నాడీవ్యవస్థ పాఠం అనుకుంటాడు. చేతిని ఎత్తమంటే ఎత్తగలం కానీ, ఒళ్ళు గగుర్పొడవాలని అనుకుంటే గగుర్పొడవదు. అందుకే అభినయంలో సాత్త్వికం అన్నింటికన్నా కష్టమంటారు. దశాబ్దాలుగా ఢిల్లీలో కూచిపూడిని పెంచిన రాజా, రాధా రెడ్డి దంపతుల వంటి కళాకారుల నాట్యం చూసినవారికి ఈ కష్టమేమిటో తెలిసే ఉంటుంది.

ఒళ్ళు గగుర్పొడవడమే తీసుకోండి. బొచ్చు ఉన్న జంతువుకు దానివల్ల ప్రయోజనం ఉంది. చలిలో వెచ్చదనం, శత్రువు ఎదుట పెద్ద ఆకారం. కుక్కను చూసిన పిల్లి వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం మీరు చూసే ఉంటారు. మనకు ఆ బొచ్చు పోయింది, దాన్ని లేపే చిన్న కండరాలు మిగిలాయి. దేశభక్తి సినిమాలో పతాక సన్నివేశం వచ్చినప్పుడు మన చేతుల మీద లేచేది ఆ పాత అవశేషమే.

భయం, గగుర్పాటు తేలికైన విషయాలు. అసలు చిక్కు జాలితో వస్తుంది. పాముకు భయపడినవాడు బతికాడు, సరే. పరాయివాడి కష్టానికి ఏడ్చినవాడికి ఏం ఒరిగింది?

దీనికి జవాబులో ఒక భాగం జె.బి.ఎస్. హాల్డేన్ పేరుతో ముడిపడి ఉంది. ఈ బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంలో పుట్టిన మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణ కలకత్తాలో ఆయన శిష్యుడై, తరువాత ఆయన జీవితచరిత్ర రాశారు. నీళ్ళలో మునిగిపోతున్న ఇద్దరు అన్నదమ్ముల కోసమో, ఎనిమిదిమంది పినతండ్రి బిడ్డల కోసమో ప్రాణం ఇస్తానని హాల్డేన్ చమత్కరించాడని చెబుతారు. చమత్కారంలో లెక్క ఉంది. అన్నదమ్ముల్లో మన జన్యువులు సగటున సగం ఉంటాయి, పినతండ్రి బిడ్డల్లో ఎనిమిదో వంతు. రక్తసంబంధీకులకు సాయపడే గుణం ఉన్న జన్యువు ఆ బంధువుల ద్వారా తరువాతి తరానికి చేరుతుంది. 1964లో విలియం హామిల్టన్ దీన్ని గణితంగా నిరూపించాడు.

కానీ బడ్కీ ఎవరికి చుట్టం? ఎవరికీ కాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రకృతి మన మెదడులో జన్యువులను చదివే యంత్రం పెట్టలేదు. గుర్తులు పెట్టింది. తరచుగా కనిపించే ముఖం, పరిచయమైన గొంతు, మన ఇంటి మధ్యలో వినిపించే ఏడుపు. ఫొటో, రేడియో, టీవీ లేని కాలంలో ఈ గుర్తులున్నవాళ్ళు నిజంగానే మనవాళ్ళు. వారానికి రెండుసార్లు, ఏడాదిన్నరపాటు, రాత్రి భోజనాల వేళకు మన గదిలోకి వచ్చే ముఖాన్ని ఏమనుకోవాలో ఆ పాత యంత్రానికి ఎవరూ చెప్పలేదు. దూరపు చుట్టాన్ని పెళ్ళిళ్ళలో తప్ప చూడం. బడ్కీని అంతకన్నా ఎక్కువగా చూశారు.

నికో టిన్‌బెర్గెన్ అనే డచ్చి శాస్త్రవేత్త సముద్రపు కాకి పిల్లలను గమనించాడు. తల్లి ముక్కు మీద ఉండే ఎర్రచుక్కను పిల్లలు పొడిస్తే తల్లి ఆహారం కక్కి పెడుతుంది. తెల్లచారలు గీసిన ఎర్రపుల్లను చూపిస్తే, అవి తల్లి ముక్కు కంటే ఆ పుల్లనే ఎక్కువ ఆత్రంగా పొడిచాయి. అసలు గుర్తు కన్నా కొట్టొచ్చినట్టు కనిపించే నకిలీ గుర్తుకే అవి లొంగాయి. సినిమాలో ఇరవై అడుగుల ఎత్తున, గది నిండా చీకటి, మరేదీ కనిపించకుండా చూపించే తల్లి ముఖం కూడా ఆ చారల పుల్లలాంటిదేనని నాకనిపిస్తుంది. నిజజీవితంలో ఏ తల్లి కన్నీటినీ అంత దగ్గరగా, అంతసేపు ఎవరూ చూడరు. చూస్తే సభ్యత కాదు.

ఇంతవరకు చెప్పింది అందరు మనుషులకూ వర్తిస్తుంది. ఈ ‘అందరూ’ అన్న మాట కోసం చరిత్రలో పెద్ద పోరాటమే జరిగింది. 1867లో డార్విన్ పదహారు పదిహేడు ప్రశ్నల పట్టిక ఒకటి అచ్చువేయించి ప్రపంచం నలుమూలలకూ పంపాడు. ఆశ్చర్యపడినప్పుడు కళ్ళు, నోరు వెడల్పుగా తెరుచుకుంటాయా? కనుబొమలు పైకి లేస్తాయా? ఇలాంటివి. 36 జవాబులు వచ్చాయి. జవాబిచ్చినవారిలో కలకత్తా వృక్షోద్యానంలో పనిచేసే జాన్ స్కాట్ కూడా ఉన్నాడు. వాటిని బట్టి, ముఖ్యమైన ఉద్వేగాలను మనుషులంతా ఒకే తీరులో వ్యక్తం చేస్తారనీ, మానవజాతులన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయనడానికి ఇదొక సాక్ష్యమనీ డార్విన్ వాదించాడు. అలవాట్లు వారసత్వంగా సంక్రమిస్తాయని ఆయన ఇచ్చిన వివరణను నేటి జన్యుశాస్త్రం ఒప్పుకోదు. మనుషులంతా ఒకే మూలం నుంచి వచ్చారన్న వాదన మాత్రం నిలబడింది.

అదే కాలంలో అదే పరిణామం పేరు చెప్పి, జాతులను నిచ్చెనమెట్ల మీద నిలబెట్టి, తెల్లవారు పైన, మనం కింద అనే వాదమూ నడిచింది. సినిమా వచ్చాక ఆ వాదం సినిమా హాళ్ళలోకీ వచ్చింది. అమెరికా చిత్రాల్లో తెల్లజాతి స్త్రీపురుషుల ప్రణయ సన్నివేశాలు చూస్తే భారతీయుల మనసు చెడిపోతుందనీ, పాలకుల మర్యాద మంటగలుస్తుందనీ ఇంగ్లండులో గోల పుట్టింది. భారతీయ ప్రేక్షకుడు పసిపిల్లవాడితో సమానమని దాని అర్థం. 1927 అక్టోబరులో ప్రభుత్వం మద్రాసు న్యాయవాది టి. రంగాచారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ 4,325 ప్రశ్నపత్రాలు పంపి, 353 మంది సాక్షులను విచారించి, 1928లో నివేదిక ఇచ్చింది. ఈ భయాలు చాలావరకు అతిశయోక్తులని తేల్చింది. మన ప్రేక్షకుల మీద జరిగిన మొదటి పెద్ద విచారణ ఇదే.

అయితే బ్రిటన్‌లోని ప్రేక్షకులు మాత్రం తెరమీద అన్నీ సరిగ్గా చదివారా? 1911 డిసెంబరు 12న ఢిల్లీలో అయిదో జార్జి చక్రవర్తి దర్బారు జరిగింది. దాన్ని రంగుల్లో చిత్రీకరించి 1912 ఫిబ్రవరిలో లండన్‌లో ప్రదర్శిస్తే జనం విరగబడ్డారు. దర్బారు వార్తాచిత్రాల్లో బరోడా మహారాజు శాయాజీరావ్ గాయక్వాడ్ చక్రవర్తికి నమస్కరించి, వీపు చూపించి వెళ్ళిన ఘట్టం ఉంది. అది అవమానమా, తడబాటా అని పత్రికల్లో దుమారం రేగింది. కంగారులో అలా జరిగిందని గాయక్వాడ్ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఇక్కడ పరిణామం ఏమీ సాయం చేయదు. వీపు చూపడం అవమానమన్నది దర్బారు మర్యాద, నాడీవ్యవస్థ నియమం కాదు. అదే బొమ్మను మర్యాద తెలియని పల్లెటూరివాడికి చూపిస్తే, ఒక మనిషి నడిచి వెళ్ళిపోయాడు అంటాడు.

ముఖాల గురించి తరువాత చాలా పరిశోధన జరిగింది. 1967-68లలో పాల్ ఎక్‌మన్ న్యూగినీలో బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని ఫోరే ప్రజలకు ఫొటోలు చూపించి, కొన్ని ముఖకవళికలు అందరికీ అర్థమవుతాయన్నాడు. 2000లో అహల్యా హెజ్మాడీ, రిచర్డ్ డేవిడ్‌సన్, పాల్ రోజిన్ అనే పరిశోధకులు నాట్యశాస్త్ర రీతిలో అభినయించిన పది ఉద్వేగాల వీడియోలను భారతీయులకూ, అమెరికన్లకూ చూపించారు. నాట్యశాస్త్రం పేరైనా వినని అమెరికన్లు కూడా చాలావాటిని గుర్తుపట్టారు. గుడ్డిగా ఊహిస్తే వచ్చే ఫలితం కన్నా అది ఎంతో ఎక్కువ. కానీ 2016లో వెలువడిన మరో అధ్యయనం ఆలోచనలో పడేస్తుంది. ట్రోబ్రియాండ్ దీవుల్లో, మనం భయం అనుకునే కళ్ళు విప్పార్చిన ముఖాన్ని చూపిస్తే, అక్కడివారు ‘ఇతడు బెదిరిస్తున్నాడు’ అన్నారు. విశ్వజనీనత ఉంది, కానీ మనం అనుకున్నంత సాఫీగా లేదు.

ఇప్పుడు మళ్ళీ ఢిల్లీకి వద్దాం. మనదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో, యునెస్కో సాయంతో, వారానికి రెండు రోజుల ప్రయోగంగా మొదలైంది. ఉద్దేశం వినోదం కాదు, విద్య. ఢిల్లీ చుట్టుపక్కల టెలిక్లబ్బులు పెట్టి, జనాన్ని పోగుచేసి చూపించేవారు. 1961లో పాఠశాలలకు పాఠాలు వచ్చాయి. 1967 జనవరి 26న ‘కృషి దర్శన్’ ఢిల్లీ పరిసరాల్లోని 80 గ్రామాలకు మొదలైంది. 1975-76లో ఉపగ్రహ ప్రయోగం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వీటన్నిటి వెనుక ఒక నమ్మకం ఉంది: విషయం చెబితే జనం వింటారు, వింటే మారతారు. కొంతవరకు నిజమే. కానీ విత్తనాల గురించి చెప్పే అధికారి ముఖాన్ని చూసి ఎవరూ ఉత్తరం రాయలేదు.

మెక్సికోలో మిగుయెల్ సబిడో అనే నాటకకర్త, టీవీ దర్శకుడు వేరే దారి పట్టాడు. 1975 నుంచి అక్షరాస్యత, కుటుంబ నియంత్రణ వంటి అంశాలను కన్నీళ్ళు పెట్టించే ధారావాహికల్లో కలిపి చూపించాడు. తన పద్ధతికి ఆయన చాలా సిద్ధాంతాలను ఆధారం చేసుకున్నాడు. వాటిలో ఒకటి అమెరికన్ వైద్యశాస్త్రవేత్త పాల్ మాక్లీన్ చెప్పిన ‘మూడు మెదళ్ళ’ సిద్ధాంతం. దాని ప్రకారం మన తలలో పరిణామక్రమంలో ఒకదాని మీద ఒకటి పేరుకున్న మూడు పొరలు ఉన్నాయి. అడుగున సహజాతాలతో నడిచే సరీసృపాల మెదడు, దానిపైన ఉద్వేగాలుండే పాత క్షీరదాల మెదడు, అన్నిటికన్నా పైన ఆలోచించే కొత్త మెదడు. పాఠం ఒక్క పై పొరనే తాకుతుంది, నాటకం మూడింటినీ తాకాలి అన్నది సబిడో ఆలోచన.

1983లో మన సమాచార ప్రసార శాఖ కార్యదర్శి ఎస్.ఎస్. గిల్ మెక్సికో వెళ్ళి ఈ పద్ధతి చూసివచ్చాడు. రచయితగా మనోహర్ శ్యామ్ జోషి, దర్శకుడిగా పి. కుమార్ వాసుదేవ్ కుదిరారు. ‘హమ్ లోగ్’ అలా పుట్టింది. మెక్సికో నమూనాను జోషి యథాతథంగా దింపలేదు, ఢిల్లీ బస్తీల గొంతులు అందులోకి తెచ్చాడు. పేరులోనే ఒక అందం ఉంది. హమ్ లోగ్ అంటే తెలుగులో ‘మేము’ అనాలా, ‘మనం’ అనాలా? హిందీకి ఆ తేడా పట్టదు, మనకు పడుతుంది. భాగాల చివర అశోక్ కుమార్ ఆ మాటను ఒక్కో భారతీయ భాషలో చెప్పి సెలవు తీసుకునే అలవాటు చేసుకున్నాడు.

మాక్లీన్ సిద్ధాంతం నేడు నిలబడదు. మెదడు పొరలు పొరలుగా కట్టిన మేడ కాదు. మనం ‘కొత్తది’ అనుకునే భాగాలకు మూలరూపాలు సరీసృపాల్లోనూ ఉన్నాయి. ఉద్వేగాన్నీ ఆలోచననూ వేర్వేరు గదుల్లో పెట్టడం కుదరదు. అయినా వైద్యుడి సిద్ధాంతం తప్పైనా మందు పనిచేసిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు. ‘హమ్ లోగ్’ విషయంలో మందు ఎలా పనిచేసిందన్నదే ఆసక్తికరం.

మొదటి 13 భాగాల్లో కుటుంబ నియంత్రణ ప్రబోధం ఎక్కువైంది. జనం పెదవి విరిచారు. ప్రబోధం తగ్గించి కథను పెంచారు. అప్పుడు ఆదరణ పొంగింది. సింఘాల్, రోజర్స్ రాసిన ప్రకారం ఉత్తరాదిన టీవీ ఉన్న ఇళ్ళలో 65 నుంచి 90 శాతం చూశారు, దక్షిణాది ప్రధాన నగరాల్లో 20 నుంచి 45 శాతం. కన్నీటికి భాష లేదంటారు. ఆ అంకెలు చూస్తే ఆ మాట సగమే నిజం. ఏడుస్తున్న ముఖం అందరికీ అర్థమవుతుంది. ఎందుకు ఏడుస్తోందో తెలియాలంటే హిందీ రావాలి. 1987 జనవరి 25న మొదలైన ‘రామాయణ్’ హిందీలోనే ఉన్నా దక్షిణాదిన కూడా ఆదరణ పొందింది. ఆ కథ ఇక్కడ ప్రతి ఇంటికీ ముందే తెలుసు కదా. మ్యాగీ నూడుల్స్ మాట వేరే చెప్పాలి. ‘హమ్ లోగ్’ను సమర్పించిన ఆ సరుకు దేశమంతటా ఇంటింటి పేరైంది. కుటుంబ నియంత్రణకు కుదరనిది నూడుల్స్‌కు కుదిరింది.

అన్నిటికన్నా గమనించవలసింది తల్లి భగవంతి సంగతి. నోరెత్తకుండా అన్నీ భరించే ఇల్లాలి బతుకు ఎంత దుర్భరమో చూపించి, ‘ఇలా ఉండకండి’ అని చెప్పడానికి ఆ పాత్రను సృష్టించారు. ప్రేక్షకులు ఆమెను చూసి ఏడ్చారు. అంతవరకు లెక్క సరిపోయింది. కానీ పరిశోధకులు ఏ పాత్ర ఆదర్శమని అడిగినప్పుడు, చాలామంది భగవంతి పేరు చెప్పారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఆ ఓర్పే ఆమె గొప్పతనమని వాళ్ళు అర్థం చేసుకున్నారు. బాధపడుతున్న తల్లిని చూసి కరగడం మనకు పరిణామం ఇచ్చింది కావచ్చు. ఆ బాధ అన్యాయమని కోపం తెచ్చుకోవాలో, త్యాగమని చేతులు జోడించాలో మాత్రం ఆ ప్రేక్షకురాలు తన పుట్టింటిలో, అత్తవారింటిలో, విన్న పురాణాల్లో నేర్చుకుంది. రచయిత జోషి కలం, పై నుంచి వచ్చిన సిద్ధాంతం ఆ నేర్పును దాటలేకపోయాయి. పాము వీడియోలు చూసిన కోతులను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అక్కడ పువ్వును భయంగా మార్చడం కూర్పరి తరం కాలేదు. ఇక్కడ తెర ఏడిపించగలిగింది కానీ, ఆ ఏడుపుకు అర్థం తాను చెప్పలేకపోయింది.

‘హమ్ లోగ్’ చూసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇప్పటికీ ఉంటారు. హిందీ రానివాళ్ళయితే ‘లవకుశ’లో సీత గురించి అడగండి. రెండే ప్రశ్నలు చాలు. ఆమెను చూసి కళ్ళు చెమర్చాయా? ఆమె అన్నీ భరించి ఊరుకోవడం సరేనా? తాతమ్మలను అడగండి, అమ్మలను అడగండి, మీ వయసువాళ్ళను అడగండి. రెండు ప్రశ్నల జవాబులను వేర్వేరు వరుసల్లో రాసుకుని, ఏ వరుసలో తరానికీ తరానికీ తేడా ఎక్కువ కనిపిస్తోందో చూడండి.